కొట్టుకుంటూనే కట్టుకునే గుండె



మన బెజవాడ కాలువల ఊరు. గుణదల పక్కనుంచే ఏలూరు కాలువ పోతుంది. బందరు కాలువ, రైవస్ కాలువ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట లేచింది. కాలువలు తవ్వారు, గట్లు పోశారు, లాకులు బిగించారు. అన్నీ అమిరాకే నీళ్ళు వదిలారు. ముందు కాలువ, తరవాత నీరు. ఇది మనుషులు పనిచేసే పద్ధతి.

మన ఒంట్లో గుండె పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ ముందు ప్రవాహం మొదలవుతుంది. కాలువ తరవాత పూర్తవుతుంది.

ఎలాగంటారా? తల్లి కడుపులో బిడ్డ పడ్డాక మూడు వారాలు దాటేసరికి, ఇంచుమించు 22వ రోజున, గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి దానికి నాలుగు గదులు లేవు. కవాటాలు లేవు. ఉన్నదల్లా సన్నటి గొట్టం. కొంతమంది తల్లులకు గర్భం వచ్చిందని అప్పటికింకా తెలియనే తెలియదు. ఆ గొట్టమే కొట్టుకుంటూ, రక్తాన్ని తోస్తూ, మెలిక తిరిగి, గదులుగా విడిపోయి, కవాటాలు మొలిపించుకుని గుండె అవుతుంది.

ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. గుండె పూర్తిగా తయారయ్యాక కొట్టుకోవడం మొదలుపెట్టదు. కొట్టుకుంటూనే తయారవుతుంది. ఈ మాట మధ్యమధ్య మళ్ళీ అంటాను, విసుక్కోకండి. రేడియోలో పేజీ వెనక్కి తిప్పుకునే వీలు లేదు కదా!

మరి ఈ సంగతి ఎవరు చూశారు? మూడు వారాల పిండం గుండెలోకి తొంగిచూడటం ఎవరి తరం? నిజమే, మనిషిలో ఎవరూ చూడలేదు. చూపించింది ఒక చేప. చూస్తే చిన్నది. ఒంటి పొడుగునా నీలం చారలు. అక్వేరియం దుకాణాల్లో మీరు చూసే ఉంటారు. దాని పేరు జీబ్రా చేప.

ఈ చేప ఎక్కడిదో అనుకునేరు. మన దేశానిదే. మనతోపాటు నేపాల్‌లో, బంగ్లాదేశ్‌లో వరి చేలల్లోనూ, నెమ్మదిగా పారే వాగుల్లోనూ తిరుగుతుంది. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ ప్రాంతపు చేపల మీద రాసిన పుస్తకంలో, 1822లో, దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ తరవాత ఇది ఓడలెక్కి, అక్వేరియం చేపగా ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త దీన్ని పరిశోధనశాలకు తెచ్చాడు. 1981లో ఆయన ప్రచురించిన పరిశోధనతో ఈ చేపకు దశ తిరిగింది.

ఇన్ని చేపలుండగా దీన్నే ఎందుకు పట్టుకున్నారు? కారణాలు మూడు చెబుతాను. మొదటిది, దీని పిండం గాజులా ఉంటుంది. లోపల ఏం జరుగుతున్నా బయటికి కనిపిస్తుంది. రెండోది, ఇది తల్లి కడుపులో పెరగదు. గుడ్డు నీళ్ళలో పడుతుంది, అక్కడే ఫలదీకరణం, అక్కడే పెరుగుదల. మూడోది తొందర. మనకు మూడు వారాలు పట్టే పని దీనికి ఒక్క రోజులో అయిపోతుంది. గుడ్డు ఫలించిన 24 గంటలకల్లా గుండె కొట్టుకుంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒకసారి ఆ ప్రయోగశాలలోకి తీసుకువెళతాను.

సాయంత్రం పూట ఒక చిన్న తొట్టిలో ఒక మగ చేపను, ఒక ఆడ చేపను వదులుతారు. రెంటికీ మధ్య పారదర్శకమైన అడ్డు పెడతారు. రాత్రంతా చీకటి. పొద్దున్నే దీపాలు వెలిగించి అడ్డు తీసేస్తారు. వెలుతురు వచ్చిందంటే ఈ చేపకు గుడ్లు పెట్టే వేళ అయినట్టే. తొట్టి అడుగున జల్లెడ ఉంటుంది. గుడ్లు దాని కన్నాల్లోంచి కిందికి జారిపోతాయి. ఆ జల్లెడ లేకపోతే పెట్టిన గుడ్లను ఆ చేపలే తినేస్తాయి! ఒక్క జంట ఒక్క ఉదయాన రెండు వందల దాకా గుడ్లు పెట్టగలదు. ఒక్కో గుడ్డు ఇంచుమించు మిల్లీమీటరే ఉంటుంది.

ఆ గుడ్లను వడగట్టి, కడిగి, గాజు పళ్ళెంలో నీళ్ళు పోసి, ఇంక్యుబేటర్‌లో పెడతారు. వేడి 28.5 డిగ్రీలు. అంటే ఇంచుమించు మన బెజవాడలో సంక్రాంతినాటి మధ్యాహ్నపు వేడి అన్నమాట. ఈ వేడి అటూ ఇటూ కాకూడదు. వేడి పెరిగితే గుండె వేగం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అప్పుడు లెక్కంతా తప్పుతుంది.

మర్నాడు ఆ పళ్ళేన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, తల కింది భాగాన, పసుపుపచ్చ సొన పక్కన, సన్నటి గొట్టమొకటి మెల్లగా అలలు అలలుగా ముడుచుకుంటూ కనిపిస్తుంది. అదే గుండె. రెండో రోజు దాటేసరికి ఆ గొట్టం మెలిక తిరిగి రెండు గదులవుతుంది. ఒకటి రక్తాన్ని తీసుకునే గది, దాన్ని కర్ణిక అంటారు. రెండోది రక్తాన్ని నెట్టే గది, అది జఠరిక. మనకు నాలుగు గదులు, చేపకు రెండే. ముందు తీసుకునే గది ముడుచుకుంటుంది, వెంటనే నెట్టే గది ముడుచుకుంటుంది. ఒకటి, రెండు. ఒకటి, రెండు. నిమిషానికి 120 నుంచి 180 సార్లు. కడుపులోని బిడ్డ గుండె వేగానికి ఇది దగ్గర.

ఇక రక్తం. నెట్టే గదిలోంచి బయటపడ్డ రక్తం మొప్పల దారుల్లోంచి వెళ్ళి, వెన్ను కింద ఉన్న పెద్ద ధమనిలో పడుతుంది. తోక దాకా పోతుంది. అక్కడ మలుపు తిరిగి సిరలోంచి వెనక్కి వస్తుంది. సొన మీదుగా పరుచుకుని మళ్ళీ గుండెకు చేరుతుంది. ఈ చుట్టంతా కళ్ళ ఎదుటే జరుగుతుంది. తోక దగ్గర సన్నటి నాళాల్లో ఎర్ర కణాలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. గుండె నెట్టినప్పుడల్లా ఒక్క ఊపున ముందుకు దూకుతాయి, అంతలోనే నెమ్మదిస్తాయి. రక్తం ఒంట్లో గుండ్రంగా తిరుగుతుందని విలియం హార్వే 1628లో నిరూపించాడు. ధమనిలోంచి సిరలోకి అది ఏ దారిన పోతుందో మాత్రం ఆయన కంటికి కనిపించలేదు. ఆ సన్నటి దారులను 1661లో మాల్పీగీ అనే ఇటలీ పండితుడు కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు. ఇవాళ ఈ చేపపిల్లలో ఆ చుట్టు మొత్తాన్ని ఒకే చూపులో చూడవచ్చు. కోత లేదు, సూది లేదు.

చూడటంతో సరిపోదు, కొలవాలి కదా. చేపపిల్ల కదలకుండా ఉండటానికి నీళ్ళలో కొద్దిగా మత్తుమందు కలుపుతారు. సముద్రపు నాచులోంచి తీసే అగరోజ్ అనే పదార్థాన్ని గోరువెచ్చగా పోసి, అందులో పిల్లను పక్కకు తిప్పి పడుకోబెడతారు. అది గడ్డకట్టాక పిల్ల అలాగే నిలిచి ఉంటుంది. వేగంగా తీసే కెమెరాతో గుండెను వీడియో తీస్తారు. తరవాత దాన్ని నెమ్మదిగా నడిపిస్తూ చూస్తారు. నెట్టే గది బాగా నిండినప్పుడు పొడుగెంత, వెడల్పెంత? బాగా ముడుచుకున్నప్పుడు ఎంత? ఈ రెంటి తేడా చూస్తే ఒక్క దెబ్బకు ఎంత రక్తం బయటికి వెళ్ళిందో తెలుస్తుంది. దాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలో వాటితో హెచ్చిస్తే నిమిషానికి గుండె పంపే రక్తం లెక్క వస్తుంది. ఆస్పత్రిలో ఎకో పరీక్షలో డాక్టరుగారు మన గుండెకు చూసేది కూడా ఇంచుమించు ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మత్తు ఎక్కువైతే చేప గుండె నెమ్మదిస్తుంది. ఈ పిల్లల మీద మందులను కూడా పరీక్షిస్తారు కాబట్టి, అది ఆ మందు ప్రభావమేమో అని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే మందు వేయని పిల్లలను కూడా అదే మత్తులో, అదే వేడిలో, పక్కనే ఉంచి కొలుస్తారు. ఈ పక్కవాటితో పోల్చుకోకుండా ఏ లెక్కా చెల్లదు.

సరే, అసలు సంగతికి వద్దాం. గుండె కొట్టుకుంటూనే తయారవుతుందని నేను అన్నాను. అలా అనడానికి రుజువేది?

2003లో అమెరికాలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీవారు ఒక ప్రయోగం చేశారు. జే హోవ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం చేసిన పని అది. రెండో రోజు నడుస్తున్న చేప పిండం తీసుకున్నారు. కంటికి ఆనని చిన్న గాజుపూసను గుండెలోకి రక్తం వచ్చే దారిలో ఇరికించారు. కొన్నింటిలో రక్తం బయటికి పోయే దారిలో ఇరికించారు. అంతే. జన్యువులను ముట్టుకోలేదు. మందేమీ వేయలేదు. ప్రవాహాన్ని మాత్రం అడ్డుకున్నారు. ఏమైంది? గుండె సరిగ్గా మెలిక తిరగలేదు. కవాటాలు ఏర్పడలేదు. గుండె కొట్టుకుంటూనే ఉంది, కాని దాని కట్టుబడి మధ్యలో ఆగిపోయింది.

విన్నారు కదా? రక్తం పారకపోతే గుండె పూర్తి కాదు. గుండె లోపలి గోడకు అతుక్కున్న కణాలకు ఆ ప్రవాహపు రాపిడి తెలుస్తుంది. రక్తం ముందుకూ వెనక్కూ ఊగేచోట ఆ కణాల్లో కొన్ని జన్యువులు మేలుకుంటాయి. అక్కడే కవాటం మొలుస్తుంది. వెనక్కి పోయే రక్తాన్ని ఆపడానికే కవాటం. ఎక్కడ రక్తం వెనక్కి పోతుందో అక్కడే అది పుడుతుంది. దీనికన్నా తెలివైన ఇంజనీరింగు ఎక్కడుంది చెప్పండి!

మన దగ్గర పుట్టే బిడ్డల్లో సుమారు వందమందికి ఒకరు గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారు. ప్రపంచమంతటా ఇంతే. 'ఏ పాపం చేశామో' అని తల్లిదండ్రులు కుమిలిపోతారు. పాపమూ కాదు, గ్రహణమూ కాదు. ఆ తొలి వారాల్లో, గొట్టం గుండెగా మారే ఆ కొద్ది రోజుల్లో, ఎక్కడో ఒక అడుగు తప్పుతుంది. ఆ అడుగు ఏదో వెతకడానికే ఈ చేప.

ఈ వెతుకులాటలో పెద్ద అంగ 1990లలో పడింది. జర్మనీలోని ట్యూబింగన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్ ఫోల్‌హార్డ్ బృందం, అమెరికాలోని బోస్టన్‌లో మరో బృందం, వేలకొద్దీ జీబ్రా చేపలను పెంచి, జన్యులోపాలున్న పిల్లలను ఏరి పెట్టాయి. ఆ ఫలితాలన్నీ 1996 డిసెంబరులో ఒక్క పత్రిక ఒక్క సంచికలోనే వచ్చాయి. గుండె లోపాలున్న చేపలు వాటిలో ఎన్నో. ఒక్కోదానికీ ఒక్కో పేరు. వాటిలో రెంటి గురించి చెబుతాను.

మొదటిదాని పేరు సైలెంట్ హార్ట్, అంటే మూగ గుండె. ఈ పిల్లలో గుండె ఏర్పడుతుంది, కాని ఒక్కసారైనా కొట్టుకోదు. ఆశ్చర్యమేమిటంటే, అయినా ఆ పిల్ల కొన్ని రోజులు బతికే ఉంటుంది! ఒళ్ళు అంత చిన్నది కాబట్టి నీళ్ళలోని ప్రాణవాయువు చర్మంలోంచే లోపలికి ఇంకుతుంది. ఈ చేప గొప్పతనమంతా ఇక్కడుంది. ఎలుక పిండంలో గుండె ఆగితే పిండం చచ్చిపోతుంది, కారణమేదో వెతకడానికి ఏమీ మిగలదు. చేపలో గుండె ఆగినా పిండం నిలుస్తుంది, మనకు వెతకడానికి వ్యవధి దొరుకుతుంది. వెతికితే తేలిందేమిటి? ట్రోపోనిన్ టి అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు దెబ్బతింది. ట్రోపోనిన్ మాట మీరు విన్నదే. ఛాతీలో నొప్పి అని ఆస్పత్రికి వెళితే ముందు చేసే రక్తపరీక్ష అదే. గుండె కండ ముడుచుకోవడానికి కావలసిన ప్రొటీన్ అది. కండ దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది.

గుండె కండ మాట వచ్చింది కాబట్టి మన హైదరాబాదు సంగతి ఒకటి. అక్కడి సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త తంగరాజ్‌గారి బృందం, మరికొందరు పరిశోధకులతో కలిసి, 2009లో ఒక విషయం బయటపెట్టింది. గుండె కండ పోచలను పట్టి ఉంచే ఒక ప్రొటీన్ ఉంది. దాని జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన మనుషులు మన ఉపఖండంలో వందకు నలుగురున్నారని తేల్చింది. ఉన్న ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు. వయసు మళ్ళేకొద్దీ గుండె బలహీనపడే ముప్పు మాత్రం వాళ్ళకు ఎక్కువ. ఇలాంటి జన్యువులు చేపలోనూ ఉన్నాయి. 2013లో జీబ్రా చేప జన్యుపటం పూర్తిగా వచ్చాక లెక్కవేస్తే, మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి చేపలో జోడీ కనిపించింది. మన ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు అంతకు ముందే, 2009లోనే, అస్సాంలో సహజంగా తిరిగేచోట పట్టిన జీబ్రా చేప జన్యుక్రమాన్ని చదివారు.

రెండో చేప పేరు బ్రేక్‌డాన్స్. ఇందులో తీసుకునే గది రెండుసార్లు కొట్టుకుంటే నెట్టే గది ఒక్కసారే కొట్టుకుంటుంది. తాళం తప్పిన గుండె. కారణం, గుండె కణాల్లోంచి పొటాషియం బయటికి పోయే ద్వారం పాడవడం. మనుషుల్లో అదే ద్వారం పాడైతే గుండె లయ ఒక్కసారిగా తప్పి మనిషి కుప్పకూలిపోవచ్చు.

పుట్టుకతోనే కాదు, కొన్ని మందులు కూడా ఆ ద్వారాన్ని మూసేస్తాయి. తుమ్ములకూ దురదలకూ టెర్ఫినడీన్ అని ఒక మాత్ర ఉండేది. ఎంతోమంది వాడారు. కొందరికి గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావడంతో అమెరికాలో దాన్ని 1998లో మార్కెట్టు నుంచి తీసేశారు. తుమ్ముల మాత్రకూ గుండెకూ ఏమిటి సంబంధం? ఇదిగో, ఇదీ సంబంధం. 2003లో బోస్టన్ పరిశోధకులు వంద మందులను జీబ్రా చేపపిల్లల మీద పరీక్షించారు. గుండె లయను తప్పిస్తాయని ముందే తెలిసిన మందులు వాటిలో 23. ఆ 23లో 22 మందులు చేప గుండెనూ నెమ్మదింపజేశాయి. ఒక్కటే తప్పించుకుంది.

దీని అర్థం ఏమిటి? కొత్త మందు మనిషి నోటి దాకా రాకముందే, వారంలో, గాజు పళ్ళెంలో, దాని గుట్టు కొంత తెలుసుకోవచ్చు. మందుల పరిశ్రమకు హైదరాబాదు పెట్టింది పేరు కదా. అక్కడ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ, సీసీఎంబీలోనూ జీబ్రా చేపల తొట్లు ఉన్నాయి.

మందుల మాట వచ్చింది కాబట్టి మన డెల్టా బిడ్డ ఒకాయన్ను కూడా తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కండకు శక్తి ఎక్కడిదో తెలుసుకోవడంలో ఆయన చెయ్యి పెద్దది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను 1920లలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన గుర్తించారు. మీ గుండె ఈ క్షణాన కొట్టుకుంటున్నది ఆ ఇంధనంతోనే. 1940లలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. గర్భిణులకు ఏఎన్ఎం అమ్మాయి ఇంటికొచ్చి ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతోపాటు ఉండేది అదే. అది బిడ్డ మెదడునూ వెన్నునూ కాపాడుతుందని రుజువైంది. చేప పిండాల్లో ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకుని చూస్తే గుండె కూడా వంకరపోయింది. కాబట్టి, అమ్మా, ఆ మాత్రను పక్కన పడేయకండి. వీలైతే గర్భం రాకముందునుంచే డాక్టరుగారిని అడిగి వేసుకోండి. ఎందుకో మీకిప్పుడు తెలుసు. చాలాసార్లు గర్భం ఖాయమని తెలిసేసరికే లోపల గుండె పని మొదలుపెట్టేసి ఉంటుంది.

అయితే చేప మనిషి కాదు. ఈ మాట కూడా గట్టిగా చెప్పాలి. చేపకు ఊపిరితిత్తులు లేవు. దాని గుండెలో కుడి ఎడమలను విడదీసే గోడ లేదు. 'గుండెలో రంధ్రం' అని మనం అనేది ఆ గోడలోనే కదా! దాని గురించి చేప అంతా చెప్పలేదు. చేపలో పనిచేసిన మందు ఎలుకల్లోనూ, ఆ తరవాత మనుషుల్లోనూ నిలవాలి. ఇంకో పక్క, మన గుండె చేయలేని పని చేప గుండె చేస్తుంది. ఎదిగిన జీబ్రా చేప గుండెలో నెట్టే గదిని అయిదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్ళీ పెరుగుతుందని 2002లో చూశారు. మనకు గుండెపోటు వస్తే ఆ చోట మచ్చ మిగులుతుంది, కండ మళ్ళీ రాదు. చేపకు తెలిసిన ఆ విద్య ఏమిటో ఇంకా తవ్వుతున్నారు.

చివరగా మన బడి పంతుళ్ళకూ, కాలేజీ లెక్చరర్లకూ ఒక మనవి. దీనికి హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. కైకలూరు వైపు, కొల్లేటి చుట్టుపక్కల, చేప పిల్లల హేచరీలు ఎన్నో ఉన్నాయి. పొదిగిన ఒకటి రెండు రోజుల బొచ్చె, శీలావతి పిల్లలు కూడా గాజులాగే ఉంటాయి. ఒక్క చెంచాడు నీళ్ళలో నాలుగు పిల్లలను అడిగి తెచ్చుకోండి. మీ బడిలో బీరువాలో ఉన్న సూక్ష్మదర్శినిని బయటికి తీయండి. నీళ్ళు వేడెక్కకుండా చూసుకుని, పని అయ్యాక పిల్లలను మళ్ళీ నీళ్ళ తొట్టిలో వదిలేయండి. ఒక పిల్లవాణ్ణి గడియారం పట్టుకోమనండి, ఇంకొకణ్ణి కంటితో చూస్తూ లెక్కపెట్టమనండి. పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలో లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో హెచ్చిస్తే చాలు. ఆ పూట ఆ పిల్లలు లెక్కపెట్టేది ఇంకా పూర్తి కాని గుండె దెబ్బలు. ఆ మాట వాళ్ళకు తప్పకుండా చెప్పండి.